కుక్కకు కలిపిన అన్నం

చివరి మంచం పిల్ల అన్నం ముట్టడం లేదన్న కబురు నాకు మొదట తెచ్చింది స్త్రీల వార్డు ఆయా. కుట్టుగది గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. "అక్కయ్యా, నీ కుక్కను తీసుకుని ఒకసారి రా. ఆ పిల్ల మనుషులతో మాట్లాడటంలా. కుక్కతోనన్నా మాట్లాడుద్దేమో చూద్దాం."

వెటకారంగానే అంది ఆ మాట. మా కుక్కంటే ఆవిడకు మొదటినుంచీ పడదు. అప్పుడే తుడిచిన గచ్చు మీద అడుగుల ముద్రలు వేస్తుందని కోపం. అయినా వచ్చి పిలిచింది ఆవిడే. ఆ వెటకారానికి నేను ఈ వయసులో కూడా దేవునికి స్తోత్రం చెప్పుకుంటూ ఉంటాను.

పెద్ద నగరాల్లో ఇప్పుడు కుక్కల్ని ఆసుపత్రులకు తీసుకెళ్ళి రోగుల పక్కన కూర్చోబెట్టే యువతీయువకులు ఉన్నారని మా చర్చి సంఘంలో ఒక అమ్మాయి చెప్పింది. కుక్కలకు శిక్షణ, ఒంటికి చొక్కా, మెడలో బిళ్ళ కూడా ఉంటాయట. విని చాలా సంతోషించాను. మాకు అవేమీ లేవు. ఎనభైల్లో, పత్తి మీద అందరికీ మోజు పుట్టిన ఆ రోజుల్లో, గుంటూరుకూ చీరాలకూ మధ్య ఉన్న ఒక మిషను ఆసుపత్రిలో ఆ పని నాకు అనుకోకుండా దొరికింది. ఇది ఆ పిల్లల కోసమే రాస్తున్నాను.

నా అసలు ఉద్యోగం కుట్టుగదిలో. దుప్పట్లకు అంచులు, రోగులకు గౌనులు, ఆపరేషను గదికి ఆకుపచ్చ గుడ్డలు కుట్టేదాన్ని. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న పల్లెల్లో బైబిలు బోధించే సంఘ ఉపదేశి. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఆయనే చదువు చెప్పాడు. ఉద్యోగంలో చేరిన రోజున ఏ బడిలో చదివావని గుమాస్తా అడిగితే, "మా వంటింట్లోనండీ" అన్నాను. ఆయన నవ్వి, ఇంకేమీ అడగకుండా నన్ను కుట్టుమిషను దగ్గరికి పంపాడు.

కుక్క నాది కాదు. అక్కడ ఎన్నో ఏళ్ళు పనిచేసిన ఒక విదేశీ నర్సమ్మగారిది. మేలుజాతి కుక్కేమీ కాదు, ఊరకుక్కే. గోధుమరంగు. ఒక చెవి నిలబడి ఉండేది, రెండోది వాలిపోయి ఉండేది. ఆవిడ దాన్ని చిన్నప్పుడు ఆసుపత్రి గోడవతల నుంచి తెచ్చి పెంచింది. మంచం అంచు మీద గడ్డం ఆనించి, చెయ్యి తగిలేదాకా కదలకుండా కూర్చోవడం నేర్పింది. తమ దేశంలో ముసలివాళ్ళ ఆశ్రమాల్లో ఇలా చేయడం చూశానని చెప్పేది. పదవీ విరమణ చేసి వెళ్ళిపోతూ దాన్ని నాకు అప్పగించింది. మధ్యాహ్నాలు అది నా మిషను కింద పడుకునేది, అంతకుమించి నాకున్న అర్హత ఏమీ లేదు.

కుక్కతోపాటు కొన్ని నియమాలు కూడా ఇచ్చింది. కార్బాలిక్ సబ్బుతో కడగాలి. గోళ్ళు కత్తిరించాలి. రోగుల పళ్ళెం వైపు చూడకుండా ముందే కడుపునిండా పెట్టాలి. రోగిని అడగకుండా మంచం దగ్గరికి తీసుకుపోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ముందు వరండాలోకి దాన్ని ఎప్పుడూ తేకూడదు. కుక్క కరిచినవాళ్ళకు బొడ్డు చుట్టూ సూదులు పొడిచే కాలం అది. ఆ సూదుల కోసం వచ్చినవాళ్ళు పొద్దున్నే ముందు వరండాలో పొట్ట పట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళ కళ్ళముందు ఇంకో కుక్కను నడిపించడమంటే ఎంత అన్యాయమో మీరే చెప్పండి. అందుకని మేము వెనక వరండా నుంచి దొంగల్లా వెళ్ళేవాళ్ళం.

దానికి ఒక్కో మంచం దగ్గర ఒక్కో పేరు ఉండేది. తుంటి ఎముక విరిగిన ఒక ముసలమ్మ దాన్ని "అల్లుడుగారూ" అని పిలిచేది. సొంత అల్లుడు ఒక్కసారి కూడా చూడటానికి రాలేదట, ఇది రోజూ వస్తోందట. ఆ పిలుపుకు వార్డంతా నవ్వేది. అది మాత్రం మర్యాదగా తోక ఊపేది.

ఇక ఆ చివరి మంచం పిల్ల సంగతి. ప్రత్తిపాడు వైపు పల్లె. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు మిల్లులో పని. ఒకరోజు యంత్రంలో ఇరుక్కున్న దూదిని లాగబోతే రోలరు చెయ్యి పట్టేసింది. కుడిచెయ్యి. చెయ్యి దక్కింది, మూడు వేళ్ళు నలిగిపోయాయి. మా డాక్టరమ్మగారు నరాలు అతికి, తొడ మీది చర్మం తెచ్చి వేసి, ఎంతో ఓపికగా బాగుచేశారు. పుండు పూర్తిగా మానింది. ఆ పిల్ల మాత్రం ఆ చేతిని పిడికిలిలా ముడుచుకుని, తువ్వాలు చుట్టుకుని, ఒళ్ళో దాచుకుని కూర్చునేది. ఎవరన్నా వేలు పట్టుకుని సాగదీయబోతే గోడవైపు తిరిగిపోయేది.

డాక్టరమ్మగారు నా ముందే ఆమెకు చెప్పారు. "ఇక నా చేతిలో పని అయిపోయిందమ్మా. ఇప్పుడు నువ్వు కదిలిస్తేనే ఆ వేళ్ళు వస్తాయి. ఈ నాలుగు వారాలూ ఊరుకున్నావా, అట్లాగే బిగుసుకుపోతాయి. తర్వాత నేను మళ్ళీ కోసినా రావు."

పిల్ల తల వంచుకుని విన్నది. తువ్వాలు ఇంకో చుట్టు చుట్టుకుంది.

అన్నం మానేయడానికి కారణం కూడా ఆ చెయ్యే. మొదట్లో వాళ్ళమ్మ పక్కనే ఉండి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. మిరప కోతలు మొదలయ్యాక తల్లికి వెళ్ళక తప్పలేదు. ఆ కూలి పోతే ఇంట్లో మిగతావాళ్ళకు గడవదు. ఎడంచేత్తో అన్నం తినడానికి పిల్లకు అభిమానం అడ్డొచ్చింది. ఆయా చెంచా తెచ్చిస్తే దాన్ని కిటికీలో పెట్టేసింది. దుప్పటి చాటున ఎప్పుడన్నా ఓ బన్ను ముక్క, ఓ అరటిపండు తినేది. అంతే.

మొదటి రోజుల్లో మా కుక్కను చూసి కూడా చూడనట్టే ఉంది. అది మంచం అంచు మీద గడ్డం ఆనించి కాసేపు ఎదురుచూసి, నా ముఖం వంక చూసి, పక్క మంచానికి పోయేది. నా వంతుగా ఓ చిన్న ప్రార్థన లోలోపల చేసుకుని వచ్చేసేదాన్ని.

వార్డు వెనక వరండాలో నేను కుక్కకు అన్నం పెట్టేదాన్ని. అప్పటికి అది ముసలిదైపోయింది. పళ్ళు చాలావరకు ఊడిపోయాయి. అన్నం మజ్జిగ పోసి మెత్తగా పిసికి పెట్టాలి. ఓ సాయంత్రం నా వేలికి సూది దిగి ఉంది, పైపైన కలిపి పళ్ళెం ముందుకు తోశాను. కుక్క వాసన చూసి వెనక్కి జరిగింది. కిటికీలోంచి ఒక గొంతు వినబడింది.

"ఏందక్కా ఆ కలపటం? మెతుకు మెతుకు విడిగా ఉంటే పళ్ళులేని దానికి ఎట్టా దిగుద్ది?"

అదే ఆ పిల్ల నాతో మాట్లాడిన మొదటి మాట. నాకు కోపం రాలేదు, నవ్వు వచ్చింది. "అయితే వచ్చి నువ్వే కలుపు" అన్నాను. నిజంగానే వచ్చింది. గచ్చు మీద కూర్చుని ఎడంచెయ్యి పళ్ళెంలో పెట్టబోయి ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎడంచేత్తో పెట్టకూడదు గదా," అంది మెల్లగా, తనలో తాను అనుకుంటున్నట్టు. "కుక్కయితే మాత్రం. ఆకలితో వచ్చిన ప్రాణికి ఎడంచేత్తో పెడితే మా అమ్మ ఊరుకోదు."

కుక్క ఆమె వంక చూస్తోంది. నేను నా పాటికి వేలికి గుడ్డ చుట్టుకుంటున్నాను. కాసేపటికి ఆమె తువ్వాలు విప్పింది. చెంబులో నీళ్ళతో కడుక్కుని, ముడుచుకున్న ఆ చేతిని అలాగే అన్నంలో పెట్టింది. వేళ్ళు తెరుచుకోలేదు. మణికట్టుతో నొక్కింది. నొప్పికి పెదవి కొరుక్కుంది. అన్నం ముద్దముద్దగానే ఉంది గానీ కుక్క తినేసింది. తిని, ఆ చేతిని కూడా నాకబోతే, "ఛీ, పో" అని నవ్వింది.

డాక్టరమ్మగారికి చెప్పాను, తిడతారేమోనని భయపడుతూనే. ఆవిడ ఆలోచించి, కాచిన నీళ్ళతో ముందూ వెనకా సబ్బుపెట్టి కడగాలని, కుక్క నాలుక చేతికి తగలకూడదని చెప్పి ఒప్పుకున్నారు. అన్నం గోరువెచ్చగా ఉంటే ఇంకా మంచిదన్నారు. అప్పటినుంచి రెండు పూటలా కుక్క అన్నం ఆ పిల్లే కలిపేది. వారం తిరిగేసరికి చూపుడువేలు కొద్దిగా సాగింది. ఆ వేలితో మెతుకు చిదమడం ఆ పిల్లకు పట్టుదలగా మారింది. మా ఆయా గచ్చు తుడవడం ఆపి మరీ చూసేది. "నా మొగుడికి కూడా నేనింత మెత్తగా కలిపి పెట్టలేదు" అనేది.

ఆ తర్వాతి ఆదివారం వాళ్ళమ్మ వచ్చింది.

తల్లి ముందురోజు పొద్దుపోయేదాకా కల్లాల్లో మిరపకాయలకు తొడిమలు తీసింది. తాలుకాయలు ఏరి, తొడిమ గిల్లి, గోతాలకు ఎత్తడం. పని మధ్యలో సెలవు అడిగి, పొద్దున్న బస్సుకే వచ్చింది. వెనక వరండాలోకి వచ్చేసరికి కూతురు కుడిచేత్తో అన్నం పిసుకుతోంది. తల్లి అక్కడే స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత కూతురి దగ్గరికి కాదు, కుక్క దగ్గరికి వెళ్ళింది. దాని ముందు గొంతుక్కూర్చుని, దాని ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, చంటిపిల్లకు తుడిచినట్టు దాని కళ్ళూ ముక్కూ తుడిచింది. "నా తల్లే, నా బంగారుతల్లే" అంటోంది. మగకుక్క అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఒక్క నిమిషం గడిచిందో లేదో, కుక్క ఎగిరిపడింది. ముక్కు గచ్చుకేసి రాసింది. తుమ్మింది. ముందుకాళ్ళతో కళ్ళు గీరుకుంది. నోటినుంచి చొంగ తీగలుగా కారుతోంది. ఎటు పోతోందో దానికే తెలియకుండా గిరగిర తిరిగి, వార్డు మధ్యలోంచి పరుగెత్తింది. నీళ్ళకుండ పడి పగిలింది. నేను అరుస్తూ వెనకే పరుగెత్తాను. అది తిన్నగా ముందు వరండాలోకి పోయింది.

అక్కడ సూదుల కోసం కూర్చున్నవాళ్ళు ఏం చూశారో ఊహించుకోండి. కళ్ళు ఎర్రబడి, నురగలు కక్కుతూ, గోడలకు గుద్దుకుంటున్న కుక్క. పిచ్చికుక్క అని ఒకరు అరిచారు, అంతే, బెంచీలు తిరగబడ్డాయి. పిల్లల్ని ఎత్తుకుని జనం మెట్లు దిగి పరుగు.

గేటు దగ్గరి కాపలాదారు కర్ర పట్టుకుని వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, తెల్లగడ్డంతో ఉండే సాయిబుగారు. అందరికీ ఆయన తాత. మాటా పలుకూ తక్కువ. కుక్క మూలన చిక్కింది. ఆయన కర్ర ఎత్తాడు. ఆయన్ను నేను తప్పుపట్టను. అది ఆయన పని. పసిపిల్లలున్న చోట పిచ్చికుక్కను వదిలితే ఆయన్ను ఎవరు క్షమిస్తారు?

అంతలో ఆ పిల్ల నన్ను దాటి పోయి కుక్క మీద బోర్లా పడింది.

"తాతా, దీన్ని కొట్టే పనైతే ముందు నన్ను కొట్టు."

కర్ర పైనే ఆగింది. దింపకుండా, కొట్టకుండా ఆయన అలాగే నిలబడ్డాడు.

నేను పోయి కుక్క ముఖం చీరకొంగుతో తుడిచాను. అదే కొంగుతో నా కన్నీళ్ళు తుడుచుకున్నాను. నా కళ్ళు మండిపోయాయి. నిప్పు పెట్టినట్టు. కళ్ళు మూసుకునే అన్నాను, "తాతా, పిచ్చి కాదు. మిరపకాయ."

వెనకే వచ్చిన తల్లి తన చేతులు వాసన చూసుకుంది. అప్పుడు ఏడ్చింది. "సబ్బెట్టి కడిగానమ్మగారూ. రెండుసార్లు కడిగా. మా చేతులకు మంట తెలవదమ్మా, ఎప్పుడో పోయింది." మా వైపు వాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. రోజంతా తొడిమలు తీసిన చేతినుంచి ఆ ఘాటు ఎంత కడిగినా పోదు. ఆ చేత్తో బిడ్డకు పాలివ్వడానికి కూడా తల్లులు భయపడతారు. ఆవిడ సంతోషంలో మరిచిపోయింది.

మజ్జిగతో దాని ముఖం కడిగాం. కాసేపటికి నెమ్మదించింది. డాక్టరమ్మగారు వచ్చి అంతా విన్నారు, నమ్మారు కూడా. అయితే సూదుల వాళ్ళలో ఒక రైతు ముందుకొచ్చి మర్యాదగానే అడిగాడు. "మీరు చెబితే మేం నమ్ముతామండీ. రేపు మా ఊళ్ళో ఎవరు నమ్ముతారు? ఆసుపత్రిలోనే పిచ్చికుక్కను పెంచుతున్నారంటే ఇక్కడికెవరొస్తారు?"

ఆయన మాటలో న్యాయం ఉంది. డాక్టరమ్మగారు అందరి ముందూ తీర్పు చెప్పారు. కుక్కను గేటు పక్కన, వచ్చేపోయే వాళ్ళందరికీ కనబడేలా, పది రోజులు కట్టేసి ఉంచాలి. పిచ్చిదైతే ఈలోపు చస్తుంది. బతికి ఉంటే మళ్ళీ వార్డులోకి వస్తుంది. అప్పటిదాకా ఒక్క మనిషి తప్ప ఎవరూ దగ్గరికి పోకూడదు. ఆ పిల్ల అసలే పోకూడదు.

ఆ ఒక్క మనిషి ఎవరన్న ప్రశ్న వచ్చింది. నేను నోరు తెరిచేలోపే కాపలాదారు అన్నాడు, "నేను చూసుకుంటానమ్మా." మేమంతా ఆశ్చర్యపోయాం. ఆయన అయిదుపూటలా నమాజు చేసుకునే మనిషి. కుక్క చొంగ తగిలితే ఆ బట్టతో ప్రార్థనకు నిలబడరు. అయినా ఆయనే పూనుకున్నాడు. దాని పని కోసం ఒక పాత లుంగీ విడిగా పెట్టుకున్నాడు. అది మార్చుకుని, కుళాయి దగ్గర చేతులూ కాళ్ళూ మళ్ళీమళ్ళీ కడుక్కుని, అప్పుడు నమాజుకు పోయేవాడు.

కుక్క గేటు దగ్గరికి పోయింది. పిల్ల చేతికి తువ్వాలు మళ్ళీ వచ్చింది. మర్నాడు పొద్దున నేను చూసేసరికి పిడికిలి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల్లి కూలికి వెళ్ళిపోయింది. ఉత్త అన్నం తెచ్చి పిసకమంటే, "ఎవరికోసం?" అని అడిగింది. డాక్టరమ్మగారు చెప్పిన నాలుగు వారాల్లో అప్పటికే సగం కరిగిపోయాయి. ఆ పూట నేను మిషను ముందు కూర్చున్నానే గానీ ఒక్క కుట్టు సరిగా పడలేదు.

మధ్యాహ్నం కాపలాదారు వార్డు గుమ్మం బయట నిలబడి దగ్గాడు. ఆడవాళ్ళ వార్డులోకి ఆయన అడుగు పెట్టడు. చేతిలో సత్తుపళ్ళెం. "అమ్మాయ్," అన్నాడు. "నీ కుక్క నా చేతి అన్నం ముట్టటంలా. నువ్వు కలిపి ఇయ్యి, నేను తీసుకపోయి పెడతా."

పిల్ల లేచి కూర్చుంది.

ఆ పూట నుంచి అదే వరస. ఆమె కలిపేది, ఆయన తీసుకుపోయేవాడు. ఒక్కోసారి అదే పళ్ళెం పట్టుకుని తిరిగి వచ్చేవాడు. మెత్తగా లేదంటంది అనేవాడు. ఇంకోసారి, అడుగున ఉండలున్నాయంట, పైపైన వాసన చూసి ముఖం తిప్పుకుందనేవాడు. పిల్ల, "దానికి టెక్కు ఎక్కువైంది తాతా" అని తిడుతూ మళ్ళీ పిసికేది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగేవి, చెయ్యి మాత్రం ఆపేది కాదు. గేటునుంచి వార్డుకూ, వార్డునుంచి గేటుకూ ఆ ముసలాయన ఎండలో ఎన్ని తడవలు నడిచాడో.

ఓ రోజు నేను గేటు వైపు వెళ్ళాను. దూరం నుంచే చూద్దామని. ఆయన మెట్టు మీద కూర్చుని తన రొట్టె తింటున్నాడు. ముక్కలు తుంచి కుక్కకు వేస్తున్నాడు. ఎండిన గట్టి రొట్టె. మా కుక్క మిగిలిన పక్కపళ్ళతో దాన్ని కరకరా నమిలి, ఇంకో ముక్కకు తోక ఊపుతోంది. అన్నం ఉండలుగా ఉందని అలిగే కుక్క!

నన్ను చూసి ఆయన లేచాడు. తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా చేతులు దులుపుకున్నాడు.

"తాతా, ఇది అన్నం తినడం లేదన్నారు గదా?"

"తింటది. ఏది పెట్టినా తింటదమ్మా." కాసేపు కుక్క వంక చూశాడు. "కర్ర ఎత్తింది నేను. ఆ పిల్ల వచ్చి నా కర్ర కింద పడుకుంది. ఆ చెయ్యి ముడుచుకుపోతే బతికినన్నాళ్ళూ నాకు అదే కనబడుద్ది. అందుకని రోజూ అబద్ధం ఆడుతున్నా." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "నమాజు చేసే నోరమ్మా ఇది. మీరు కూడా ప్రార్థన చేసుకునేవాళ్ళే గదా. నా తరఫున పైన ఓ మాట వెయ్యండి."

వేస్తానని మాటిచ్చాను. పిల్లకు మాత్రం నేనేమీ చెప్పలేదు.

గడువు తీరాక డాక్టరమ్మగారు కుక్కను సూదుల వాళ్ళందరి ముందూ నడిపించి లోపలికి తెచ్చారు. ఆ రైతు కూడా ఉన్నాడు, చివరి సూదికి వచ్చి. తనే వంగి దాని వాలిన చెవి పట్టుకుని చూశాడు. ఆ తర్వాత అది బతికిన కాలమంతా మిరప వాసన వస్తే చాలు, వచ్చినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా, నా మిషను కిందికి దూరిపోయేది. కుక్కలతో వార్డులకు వెళ్ళే పిల్లల్లారా, రోగి పక్కన కూర్చున్నవాళ్ళ చేతులు ఏం పని చేసి వచ్చాయో ముందు అడిగి తెలుసుకోండి. నా అనుభవంలో నేను ఇవ్వగలిగిన సలహా అదొక్కటే.

ఆ పిల్లకు రెండు వేళ్ళు చక్కగా వచ్చాయి. ఒకటి వంకరగానే ఉండిపోయింది. ఇంటికి పోయే ముందు రోజు మంచం మీద కూర్చుని, పప్పన్నం కలుపుకుని, కుడిచేత్తో తింది. వంకర వేలు పక్కకు తన్నుకుని ఉంది. మెతుకులు ఒళ్ళో రాలాయి. మేమంతా చూడనట్టు నటించాం. ఆయా మాత్రం కిటికీ వైపు తిరిగి చాలాసేపు ఒకే గాజును తుడిచింది. గుమ్మం బయట కాపలాదారు ఉన్నాడు. "నీ కుక్కకు ఇంక వంకలు లేవంటమ్మాయ్" అని వెళ్ళిపోయాడు.

ఆయన కాలం చేసి చాలా ఏళ్ళయింది. నేనిచ్చిన మాట ప్రకారం రోజూ ప్రార్థనలో ఆయన తరఫున ఓ మాట వేస్తూనే ఉన్నాను. ఇప్పుడు నా వయసు కూడా మీదపడింది. నా తర్వాత ఆ మాట వేసేవాళ్ళు ఎవరన్న దిగులు ఉంది. అందుకే అడుగుతున్నాను. మీరు గుడికి పోయేవాళ్ళయినా, మసీదుకో చర్చికో పోయేవాళ్ళయినా, ఎక్కడికీ పోనివాళ్ళయినా సరే, తీరిక దొరికినప్పుడు ఆయన్ను ఒకసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. కుక్క అన్నం మెత్తగా లేదని అబద్ధమాడిన గేటు సాయిబుగారు అనుకుంటే చాలు, పైన తెలుస్తుంది.